చిన్నమ్మ పాటకు బాణీ మార్కులు

అమెరికాలో కొండప్రాంతాల వాళ్ల సంగీతం ఒకదానికి గడ్డి పేరు ఉందని నేను మొదట చదివింది మదనపల్లె గ్రంథాలయంలో, కిటికీ పక్క బల్ల దగ్గర. బ్లూగ్రాస్. అంటే నీలి గడ్డి. నాకు వచ్చిన మొదటి అనుమానం సంగీతం గురించి కాదు, గడ్డి గురించి. గడ్డి నీలంగా ఎలా ఉంటుంది? ఆ పుస్తకంలో జవాబు లేదు. ఇంకో పుస్తకం తీస్తే, అది మామూలు పచ్చగడ్డేననీ, కోయకుండా వదిలేస్తే కంకులు వేసే కాలంలో దూరానికి కాస్త నీలంగా కనబడుతుందనీ ఉంది. ఆ గడ్డికి పేరుపడ్డ రాష్ట్రం నుంచి వచ్చిన గాయకుడొకడు తన బృందానికి ఆ పేరు పెట్టుకున్నాడట. తర్వాత జనం ఆ తరహా పాటలన్నిటికీ అదే పేరు తగిలించారట. ఈ సంగతి తెలిసిన రోజు డిపోకు నడిచి వెళ్తూ దారిలో ఎవరికైనా చెబుదామని చూశాను. వినే మనిషి దొరకలేదు.

నేను ఇంటర్ దగ్గర ఆగిపోయాను. బస్సు డిపోలో గుమాస్తాను. మా పెద్దవాళ్లందరూ కూలిపనులు చేసినవాళ్లే. మా అమ్మమ్మకు మిషన్ ఆసుపత్రిలో ఆయా పని దొరికాకనే మా ఇంట్లో నెల జీతం అన్న మాట వినబడింది. నాకున్న చదువు గ్రంథాలయం ఇచ్చింది. అందులో నాకు సిగ్గు లేదు, గర్వమే ఉంది. క్రిస్మస్ ముందు మా చర్చిలో యువకులకు క్విజ్ పెడితే బైబిలు ప్రశ్నలు పాస్టరు అయ్యగారు రాస్తారు, లోకజ్ఞానం నాది. సినిమాలకు మాటలు రాకముందు హాల్లో తెర పక్కన కూర్చుని సంగీతం వాయించేవాళ్లని ఎందరికి తెలుసు? అలాంటివి అడుగుతాను. ఒక ఏడు, గడ్డి పేరుతో పిలిచే సంగీతం ఏది అని అడిగాను. ఒకమ్మాయి ధైర్యంగా లేచి "జానపదం" అంది.

"జానపదంలో గడ్డి యాడుందమ్మా?" అన్నాను.

"గడ్డి కోస్తా పాడతారు గదన్నా," అంది.

అందరూ ఆ పిల్లకే చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఆ జ్ఞానం ఏదో ఒక రోజు నిజంగా అక్కరకు వస్తుందని నమ్మకం. వచ్చింది. వచ్చిన రోజు నుంచే నాకు అయోమయం మొదలైంది.

పుంగనూరులో మా చిన్నమ్మ ఉంటుంది. మా అమ్మకు చెల్లెలు. అంగన్‌వాడీలో పని చేస్తుంది, అక్కడి చర్చిలో స్త్రీల సమాజం పాటలకు పెద్ద. ఆమె పాడే వాటిలో ఒక పాట ఏ కీర్తనల పుస్తకంలోనూ లేదు. అది మా అమ్మమ్మది. ఆసుపత్రిలో ఒక విదేశీ నర్సు పని చేసుకుంటూ ఏదో పాడుకునేదట. మా అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు, చదవడం కూడా రాదు. బాణీ మాత్రం చెవిన పడి నిలిచిపోయింది. దానికి తన మాటలు కట్టుకుంది.

తెల్లారేదాకా నా చెయ్యి ఇడవొద్దు దేవా, తెల్లారినాక నేనే నడుస్తా.

వార్డులో నొప్పితో నిద్రపట్టనివాళ్ల దగ్గర కూర్చుని ఈ మాటలు పాడేదట. అమ్మమ్మ పోయాక చిన్నమ్మ నోట ఆ పాట మిగిలింది. ఇంకేమీ మిగల్లేదు.

ఒక ఉదయం చిన్నమ్మ ఫోన్ చేసింది.

"రేయ్, నీ పుస్తకాల్లో సూసి సెప్పు. మా అమ్మ పాట సినిమా పాటంట."

"ఎవురన్నారు చిన్నమ్మా?"

"కుప్పమోళ్లు. పోటీలో పాడకూడదంట. మా అమ్మ పుట్టి బుద్ధెరిగి సినిమా హాలు గడప తొక్కిన మనిషి కాదు. ఆమె పాట సినిమా పాట ఎట్ల అవుతుందిరా?"

ఏటా మా చుట్టుపక్కల చర్చిల స్త్రీల సమాజాలకు పాటల పోటీ జరుగుతుంది. ఈసారి కుప్పంలో. సినిమా బాణీలు పనికిరావన్నది అందులో గట్టి నియమం. ఎందుకంటే మన దగ్గర భక్తి పాటలకు సినిమా బాణీ తగిలించడం చాలామందికి అలవాటు. వింటున్నవాళ్లు దేవుణ్ణి వదిలేసి హీరోను తలుచుకుంటారని పెద్దల బాధ. నియమం మంచిదే. అయితే చిన్నమ్మ వాళ్లు పాడిన వీడియో ఒకటి వాట్సాప్‌లో తిరిగింది. కుప్పం యువకులు అది విని నవ్వారు. ఒక తెలుగు సినిమాలో కమెడియన్ కోళ్ల వ్యాను వెనకాల పరుగెత్తే సీను ఉంది. అక్కడ మోగే బాణీ అచ్చంగా ఇదే.

ఆ సినిమా నేను చూశాను. హాల్లో కడుపు పట్టుకుని నవ్వాను కూడా. అది మా అమ్మమ్మ పాటని నాకు స్ఫురించనే లేదు. చిన్నమ్మ ఫోన్ పెట్టేశాక ఆ సీను మళ్లీ పెట్టుకుని, వేగం సగానికి తగ్గించి విన్నాను. అమ్మమ్మ వచ్చింది. వేగం పెంచాను. కోళ్లు వచ్చాయి. చాలాసేపు అటూ ఇటూ చేస్తూ కూర్చున్నాను. ఒకటే బాణీ నవ్వించనూ నవ్విస్తోంది, జోకొట్టనూ కొడుతోంది. దీన్ని ఏ పెట్టెలో పెట్టాలి?

ఆ వారమే పోటీ కార్యదర్శి కూడా నాకు ఫోన్ చేశాడు. కుప్పం దగ్గర గ్రానైట్ పాలిష్ పట్టే చోట సూపర్‌వైజరు. మర్యాదస్తుడు.

"అన్నా, వందనాలు. మీ చిన్నమ్మ మా మీద కోపంగా ఉండాది. మాకేమీ పగ లేదన్నా. మీరు బుక్కులు సదివే మనిషి గదా, ఆ బాణీ యాడిదో తేల్చి సెప్పండి. సినిమాది కాదని తేలితే మాకూ సంతోషమే."

నాకు అంతకంటే ఏం కావాలి? పరిశోధన మొదలుపెట్టాను.

ముందు తేలింది ఏమిటంటే సినిమావాళ్లు ఆ బాణీని సొంతంగా కట్టలేదు. ఫోన్‌లో వెతుకుతూ పోతే అమెరికా కొండప్రాంతపు బృందం ఒకటి దొరికింది. టోపీలు పెట్టుకున్న మగవాళ్లు, ఒకే మైకు చుట్టూ చేరి, తమ వంతు వచ్చినప్పుడు ముందుకు వస్తూ, అవ్వగానే వెనక్కు తగ్గుతూ వాయిస్తున్నారు. అదే బాణీ, ఇంకా వేగంగా. నేను కుర్చీలోంచి లేచాను. బ్లూగ్రాస్! గ్రంథాలయంలో కిటికీ పక్కన చదివిందే! అక్కడి సినిమాల్లో కూడా దొంగలు కారులో పారిపోతే, పోలీసులు తరిమితే ఈ రకం సంగీతమే పెట్టడం ఆనవాయితీ అట. మన కమెడియన్ కోళ్ల వెంట ఎందుకు పడ్డాడో అర్థమైంది.

తర్వాత అర్థం కాకపోవడం మొదలైంది. ఆ వీడియో కింద జనం పోట్లాడుకుంటున్నారు. ఇది స్కాట్లండ్ నుంచి వచ్చిన ఫిడేలు బాణీ అని ఒకడు. కాదు, చర్చి పాట అని ఒకడు. కాదు, బానిసలు పాడుకున్నదని ఇంకొకడు. గ్రంథాలయానికి వెళ్లి ఉన్న పుస్తకాలన్నీ ముందేసుకున్నాను. ఒక పుస్తకం ఈ సంగీతం కొండల్లో అనాదిగా ఉన్నదంటుంది. ఇంకోటి, అనాదిగా ఏమీ లేదు, రేడియో కాలంలో కొందరు వాద్యగాళ్లు పాతవాటిని కలిపి, వేగం పెంచి తయారు చేసిందంటుంది. బ్యాంజో అనే వాద్యం ఆఫ్రికాది. సొరబుర్రకు తోలు బిగించి తీగలు కట్టుకునే అలవాటును బానిసలు తమతో తెచ్చుకున్నారు. ఫిడేలు స్కాట్లండ్, ఐర్లండ్ వాళ్లతో వచ్చింది. మాండొలిన్ ఇటలీది. అన్నీ కలిసిన తర్వాత దానికి గడ్డి పేరు. ఆ గడ్డి కూడా అక్కడ పుట్టింది కాదట, ఐరోపా నుంచి వలసవాళ్ల వెంట వచ్చిందట! అది చదివి పుస్తకం మూసేశాను. మా అమ్మమ్మ బాణీకి మాత్రం, రాసినవాళ్ల పేరు ఉండాల్సిన చోట, ఎక్కడ చూసినా "సంప్రదాయం" అని ఒక్క మాటే ఉంది.

సెలవు రోజు చూసుకుని పుంగనూరు వెళ్లాను. చిన్నమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"తేల్చినావా?"

"తేల్చినా చిన్నమ్మా. ఆఫ్రికాలో ఒక బుర్ర వాద్యం ఉండేది..."

"నేను మా అమ్మ పాట అడిగితే నువ్వు ఆఫ్రికా అంటావేంరా?"

"ఆడి నుంచి మొదలుపెడితేనే అర్థమైతుంది."

"మా అమ్మ కాడి నుంచి మొదలుపెట్టు."

మొదలుపెట్టాను. నర్సు పాడినది సినిమా కంటే ముందుది కాబట్టి మనం గెలిచినట్టే అన్నాను. ఆమె చేతిలో కాయ అలాగే పట్టుకుని విన్నది. ఆమె ముఖంలో సంతోషం నేను అనుకున్నంత కనబడలేదు.

"రొండు నెల్ల నుంచి నేను ఆ పాట పాడలేదురా," అంది. "ఎత్తుకుంటే సాలు, వెనక బెంచీల్లో పిలకాయలు కొక్కొక్కో అంటాండారు. పోటీలో పెట్టి, అందరి పాటల మాదిరి దీనికీ మార్కులేస్తే, ఇది పాటేనని నలుగురూ ఒప్పుకున్నట్టు. లేదంటే ఇంగ నా నోట రాదు. మా అమ్మతోనే పోయిందనుకుంటా."

కోపంగా చెప్పలేదు. చేతిలోని కాయకు మళ్లీ ఈనె తీయడం మొదలుపెట్టింది. అప్పటిదాకా ఇది నాకు ఒక మంచి క్విజ్ ప్రశ్నలాగే ఉంది.

పోటీ రోజు పుంగనూరు నుంచి స్త్రీలందరితో కలిసి పలమనేరు మీదుగా కుప్పం వెళ్లాం. బస్సులో వాళ్లు పాడలేదు. పాడదామని ఒకామె అంటే చిన్నమ్మ వద్దంది. కుప్పం చర్చి ఆవరణలో షామియానా వేశారు. వెనక వంట సాగుతోంది. పోటీ మొదలయ్యే ముందు కార్యదర్శి, ముగ్గురు జడ్జీలు ఒక బల్ల చుట్టూ కూర్చుని నన్ను పిలిచారు. చిన్నమ్మ నా వెనక నిలబడింది.

నేను చెప్పదలుచుకున్నది వరుసగా చెప్పాను. సినిమావాళ్లు బాణీని అమెరికా బృందం నుంచి తీసుకున్నారనీ, ఆ బృందం పాత బాణీని వాయించిందనీ, మా అమ్మమ్మకు అది విదేశీ నర్సు ద్వారా నేరుగా వచ్చిందనీ చెప్పాను. నా గొంతు నాకే ముచ్చటగా వినబడింది.

కార్యదర్శి బల్ల మీద అరచేత్తో కొట్టాడు. "అయితే సినిమాది కాదు! సరి సరి, ఇంగేముండాది?"

జడ్జీల్లో ఒకామె స్కూల్లో సంగీతం నేర్పుతుంది. నెమ్మదిగా అంది: "రూలులో రెండో మాట కూడా ఉంది బ్రదర్. సినిమా బాణీలు, విదేశీ బాణీలు రెండూ పనికిరావు. ఇది మన కీర్తనల పోటీ."

రెండో మాట నాతో ఎవరూ చెప్పలేదు. నేను అడగనూ లేదు. ఇన్ని వారాలు కష్టపడి ఆ పాటను ఒక గుంటలోంచి లేపి ఇంకో గుంటలో పడేశాను. వెనక్కి చూడటానికి భయమేసింది.

"నిన్ను పిలుచుకోనొచ్చింది ఇందుకా రా?" అంది చిన్నమ్మ.

అప్పుడు నేను చాలా మాట్లాడాను. ఏం వరుసలో మాట్లాడానో చెప్పలేను. బ్యాంజో ఆఫ్రికాదనీ, మాండొలిన్ ఇటలీదనీ, చివరికి గడ్డి కూడా బయటిదేననీ, అయినా లోకమంతా ఆ సంగీతాన్ని ఆ కొండలవాళ్లదే అంటుందనీ చెప్పాను. ఎన్నేళ్లు ఒక చోట ఉంటే ఒక వస్తువు ఆ చోటుదవుతుందని అడిగాను.

"గడ్డి సంగతి యాల అన్నా ఇప్పుడు?" అన్నాడు కార్యదర్శి.

"టమోటా సంగతి సూడప్పా," అన్నాను. "మా మదనపల్లె టమోటా అని లారీలకు లారీలు పంపిస్తాండాము. అది పుట్టింది అమెరికా ఖండంలో. మనది కాదంటే ఒప్పుకుంటారా?"

"టమోటాకు ఎవురన్నా పాటల పోటీ పెట్టినారా?" అన్నాడు మూడో జడ్జి. పలమనేరులో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, కానీ లోపల గందరగోళం తగ్గలేదు. ఆయన అన్నది నిజం. నేనన్నదీ నిజమే. రెండూ ఒకే బల్ల మీద కూర్చోవడం లేదు.

కార్యదర్శి చిన్నమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, ఒక పని సేద్దాం. మొదట ప్రార్థన పాటగా నువ్వు ఇది పాడు. పోటీలో లెక్క ఉండదు. మర్యాదకు మర్యాద దక్కుతుంది."

నాకు ఇది చాలా మంచి పరిష్కారం అనిపించింది.

"వద్దప్పా," అంది చిన్నమ్మ. "దయ తలిచి పాడమంటే నేను పాడను. వేరే పాటలకు మాదిరి నా పాటకూ మార్కులేయండి. బాణీ మనది గాదంటారా, బాణీకి సున్నా వేయండి. మాటలకు ఎంత, తాళానికి ఎంత, ఎంతొస్తే అంత. సున్నా వేసినా వేసినట్టే గదా. పక్కన పెట్టడం వద్దు."

"సున్నాకు కూడా ఒప్పుకుంటావా?"

"సున్నా వేయాలన్నా ఇనాల గదప్పా."

వాళ్లు గుసగుసలాడుకున్నారు. చివరికి కార్యదర్శి ఇలా తేల్చాడు: పాట పోటీలోనే ఉంటుంది. బాణీ మార్కులు మాత్రం ఎవరికి ఎలా తోస్తే అలా. ఈ బాణీ మనది కాదనుకున్నవాళ్లు సున్నా వేయొచ్చు, మనదే అనుకున్నవాళ్లు ఎంతైనా వేయొచ్చు. అందరూ తలలూపారు. నా బుర్ర ఇంకా వేడెక్కింది. ఒకే బాణీ ఒక పెన్ను కింద మనది, పక్క పెన్ను కింద పరాయిది. ఇలాంటి ప్రశ్నను క్విజ్‌లో పెడితే నన్ను మళ్లీ పిలవరు.

చిన్నమ్మ వాళ్ల వంతు మధ్యాహ్నం ముందు వచ్చింది. చేతుల్లో చిన్న తాళాలు తప్ప ఇంకేమీ లేవు. ఆమె మొదటి వరుస ఎత్తుకోగానే పక్కన నిలబడ్డ యువకుల్లో ఒకడు రెక్కలు కొట్టినట్టు మోచేతులు ఆడించాడు. వాడి తల్లి అక్కడే ఉంది. చెవి పట్టుకుని కూర్చోబెట్టింది. చిన్నమ్మ అటు చూడలేదు. సినిమాలో ఉన్న వేగానికి అది సగం కూడా లేదు. ప్రతి వరుస చివర కొంచెం ఆగుతోంది. ఎవరో పక్క మంచం మీద నుంచి పిలిస్తే విని మళ్లీ వచ్చినట్టు ఆగుతోంది. ఆ ఆగడం నర్సుదా, అమ్మమ్మదా, చిన్నమ్మదా? నేను ఫోన్‌లో విన్న ఏ బృందమూ అక్కడ ఆగలేదు. ఏ పుస్తకంలోనూ అది లేదు. దాని గురించి అడగాలని కూడా నాకు తోచలేదు.

పాట అయిపోయింది. చప్పట్లు పడ్డాయి. గొప్పగానూ లేవు, తక్కువగానూ లేవు. తర్వాత వేరే సమాజాలు పాడాయి.

భోజనాలకు ఆకులు వేస్తుండగా కార్యదర్శి నన్ను బల్ల దగ్గరికి పిలిచాడు. మార్కులు కూడుతూ మధ్యలో ఆగిపోయాడు.

"అన్నా, ఇది సూడండి. పుంగనూరు పాటకు బాణీ కింద ఒకాయమ్మ నిండా వేసుండాది. ఒకాయన సున్నా వేసుండాడు. మూడోది ఖాళీ. ఖాళీ అంటే సున్నా అనుకోవాల్నా, ఏమనుకోవాల?"

నిండా మార్కులు వేసింది, పొద్దున విదేశీ బాణీ అని రూలు చెప్పిన సంగీతం టీచరే. ఆమెను అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఖాళీ వదిలింది హెడ్మాస్టరు.

"ఖాళీ వేరు, సున్నా వేరు," అన్నాను నేను. అంతవరకే తెలుసు. ఖాళీ అంటే ఏమిటో తెలియదు.

మా మాటలు చిన్నమ్మకు ఎవరు చేరవేశారో కానీ, చేతిలో నీళ్ల గ్లాసుతోనే వచ్చింది.

"ఖాళీ పెట్టినాయన యాడుండాడు?"

హెడ్మాస్టరు అప్పుడే విస్తరి ముందు కూర్చోబోతున్నాడు. ఆమెను చూసి లేచాడు. "తప్పుగా అనుకోవద్దమ్మా. మీవోడు అమెరికా అన్యాడు, ఆఫ్రికా అన్యాడు, గడ్డి అన్యాడు, టమోటా అన్యాడు. ఎవురిదని వేయాలో తెలీక పెన్ను పట్టుకోని ఆలోచిస్తా ఉంటిని. ఆలోచన తెగలేదు, పాట తెగిపోయింది. నేను సరిగ్గా ఇననే లేదమ్మా."

ఆయన అంత నిజం చెబుతాడని ఎవరూ అనుకోలేదు. తప్పు ఆయనదా, నాదా? నేను చిన్నమ్మ ముఖం చూశాను. కోపం వస్తుందనుకున్నాను. ఆమె గ్లాసు పక్కన పెట్టి, కొంగు సర్దుకుంది.

"అంతేనా? అయితే మళ్లా పాడతా. ఈసారి ఏమీ ఆలోచించొద్దు. ఇను."

"ఈడనా? ఆకులేసినారు గదమ్మా," అన్నాడు కార్యదర్శి.

"అన్నం యాడికీ పోదప్పా."

తినబోతున్న పుంగనూరు స్త్రీలు ఆకుల ముందు నుంచి లేచి వచ్చి ఆమె వెనక చేరారు. తాళాలు ఎక్కడో సంచిలో ఉండిపోయాయి. వడ్డించేవాళ్లు బకెట్లు పట్టుకుని నిలబడిపోయారు. చిన్నమ్మ మొదటి వరుస ఎత్తుకుంది. వరుస చివర ఆగింది. హెడ్మాస్టరు కళ్లు మూసుకుని వింటూనే, జేబు తడుముకుంటూ పెన్ను వెతుక్కోవడం మొదలుపెట్టాడు.